అంగీ తొడిగిన మిషను

బొంగుళూరు గేటు ఇంకా కొంత దూరం ఉందనగా, ఇబ్రహీంపట్నం నుంచి పట్నం పోయే బస్సు కుంటింది. వెనక టైరు. డ్రైవరు దిగి చూసి, టైరును కాలితో ఒకసారి తన్ని, తన్నినందుకు అది బాగుపడుతుందేమోనని కాసేపు ఎదురుచూసి, చివరికి "దిగున్రి, అందరు దిగున్రి. ఇంకో బస్సు వస్తది" అన్నాడు.

దిగినవాళ్ళకు నీడ కావాలి. సాగర్ రోడ్డు మీద ఒకప్పుడు నీడంటే చింతచెట్లదే. ఆ చెట్లు నాటించినవాడెవడో ఏ పుస్తకంలోనూ కనపడడు. వాడు మేనాలో పోయేవాడే అయి ఉంటాడు గాని, నీడ మాత్రం నడిచిపోయేవాడికే అక్కరకొచ్చింది. రోడ్డు వెడల్పయ్యాక చెట్లు పోయాయి, వాటి చోట ప్లాట్ల వెంచర్ల హోర్డింగులు లేచాయి. కొత్త రాష్ట్రం వచ్చిన మూడో ఎండాకాలం అది. గుట్ట కనిపిస్తే చాలు దాని నెత్తిన హద్దురాళ్ళు కనిపించే రోజులు. అయితే హోర్డింగుకు కూడా నీడ ఉంటుంది. 'విమానాశ్రయానికి కొద్ది నిమిషాలే' అన్న అక్షరాల కింద, దుమ్ములో, ప్రయాణికులంతా వరుసగా సర్దుకున్నారు.

మంజులకు ఒక పెద్దామె పక్కన చోటు దొరికింది. యాభై ఐదు దాటిన మనిషి, నీలం అంచు చీర, ఒళ్ళో గుడ్డసంచి. మంజుల ముందు ఆమె మొహం చూడలేదు, చేతులు చూసింది.

ఆ అలవాటుకు కారణం మంజుల తల్లి బుగ్గమ్మ. బుగ్గమ్మ ఎండాకాలమంతా కూలికి చింతపండు కొట్టేది. కొట్టడమంటే, పెంకు తీసిన కాయను రాతి మీద పెట్టి, ఎడమచేతి వేళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో సుత్తె వేసి, చీలిన కండలోంచి గింజ తీయడం. కాయ ఏదో వేలు ఏదో సుత్తెకు తెలియదు. ఆ పని చేసే ఆడవాళ్ళ ఎడమ బొటనవేలి గోరు ప్రతి వేసవిలోనూ నల్లగా కమిలి, ఊడి, వానలకు మళ్ళీ మొలుస్తుంది. పులుపెక్కిన పగుళ్ళకు కూరలో కారం తగిలితే ప్రాణం పోతుంది కాబట్టి బుగ్గమ్మ ఆ రోజుల్లో అన్నం చెంచాతో తినేది. "మా ఇంట్ల దొరసాని తింటున్నది సూడున్రి" అని తనను తానే వెక్కిరించుకునేది.

ఈ పెద్దామె సంచిలోంచి గింజ తీసిన కొత్త పండు వాసన ఘాటుగా వస్తోంది. గోళ్ళు మాత్రం పెళ్ళికూతురి గోళ్ళలా నిండుగా ఉన్నాయి.

"ఏం బిడ్డా, నా చేతులకెల్లి గట్ల సూస్తున్నవ్. జాతకం చెప్తవా ఏంది?"

"కాదు పెద్దమ్మా. మీరు చింతపండు పని చేస్తరా?"

"అవ్. పుట్టినకాంచి గదే."

"మరి గోర్లు గిట్ల మంచిగ ఎట్లున్నయ్? మా అమ్మకు ఒక్క ఎండాకాలం గిట్ల లేవు."

పెద్దామె తన చేతులను తనే తిప్పి చూసుకుంది. "నేను సుత్తె ముట్టి రెండేండ్లాయె. మిషిని తీస్తది గింజలు."

"ఏ మిషను? ఎక్కడ కొన్నరు?"

"కొనుడేంది. నేనే జేసిన."

అదీ సుక్కమ్మతో పరిచయం. సొంత ఊరు దండుమైలారం. భర్త మల్లేశయ్య దర్జీ. రెడీమేడు దుకాణాలు వచ్చి అతని గిరాకీని తినేశాక ఇంట్లో రెండు కుట్టుమిషన్లలో ఒకటి మూల పడింది. దాని తొక్కుడు స్టాండు మీద సుక్కమ్మ కన్ను పడింది. మిగతా కథ ఆమె రోడ్డు పక్కన కూర్చుని చేతులతోనే చెప్పింది. సుత్తె దొరకనప్పుడు కాయను రెండు వేళ్ళ మధ్య నలిపితే గింజ జారుతుంది. ఎందుకు జారుతుంది? చూపుడువేలు నిలిచి ఉంటుంది, బొటనవేలు కదులుతుంది. ఒకటి నిదానం, ఒకటి జోరు. అంతే గదా అనుకుంది. గుండ్రంగా తిరిగే రెండు తుమ్మకర్ర రోలర్లు, ఆమె మాటలో రోళ్ళు, చేయించి, వాటికి రబ్బరు చుట్టి, ఒకటి నెమ్మదిగా ఒకటి వేగంగా తిరిగేలా స్టాండుకు బిగించింది. మధ్యలో కాయ పడితే కండ ఒక పక్కకు, గింజ కిందికి. ఇది కుదరడానికి రెండు వేసవులు పట్టింది.

మంజుల దుమ్ములో వంగి కూర్చుని వింటోంది. ఆమె శేరిగూడలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, పరీక్ష రాసి పేటెంటు ఏజెంటై, ఇప్పుడు బడంగ్‌పేట్‌లో ఒక మేడ మీద గది తీసుకుని బోర్డు పెట్టుకుంది. ఏజెంటు అన్న మాట చూసి కాలనీ జనం ఇన్సూరెన్సనుకుని, ఆమె కనపడితే ఫోను చెవికి పెట్టుకుంటారు. ఆ రోజు కాలేజీలో పిల్లల ప్రాజెక్టులు చూసి వస్తోంది. నలభై ప్రాజెక్టుల్లో ఒక్కటీ కొత్తది లేదు. కొత్తది రోడ్డు పక్కన హోర్డింగు నీడలో దొరికింది.

"ఇప్పుడు పట్నం ఎందుకు పోతున్నరు పెద్దమ్మా?"

"సంతకం పెట్టనీకి."

రమాకాంత్ అని ఒకాయన ఉన్నాడట. పట్నంలో వ్యవసాయ యంత్రాలు అమ్మే కంపెనీ మనిషి. నెల కింద ఇంటికొచ్చాడు. మిషను తమ కంపెనీ చేస్తుందని, కాయితం మీద సుక్కమ్మ సంతకం కావాలని అన్నాడు. ఆ తర్వాత సుక్కమ్మ ఇంకొకటి చెయ్యకూడదు, ఎవరికీ చేసి ఇవ్వకూడదు.

"చేసి ఇయ్యొద్దన్నప్పుడు మీరెట్ల ఒప్పుకున్నరు?"

"నేనొప్పుకోలే. నాతోని కూసునే నాగులమ్మకు, బాలనర్సమ్మకు చెరొకటి జేసిస్తనని మాటిచ్చిన. నాగులమ్మ వేలైతే సగం లేనే లేదు. గా మాట జెప్తె గాయన నవ్విండు. 'అమ్మా, నువ్వు దాన్ని ఊరందరికి సూపిచ్చినవ్. ఫోన్లల్ల తిరుగుతున్నది. ఇగ దాని మీద నీకు హక్కు లేదు, గవర్నమెంటు గూడ ఇయ్యదు. మేము ఇచ్చింది తీస్కో, లేకుంటె ఎవడన్న ఉత్తగనే జేసుకుంటడు' అన్నడు. ఉత్తగ పోయేదానికంటె గింత మర్యాద మిగుల్తదని బయలెల్లిన."

మంజుల తల ఎత్తింది. "ఊరందరికి నిజంగనే చూపిచ్చిన్రా?"

"సూపిచ్చుడేంది బిడ్డా, ఎవరు సూడలేదో గది అడుగు. జాతరప్పుడు గుడి ముంగట పెట్టి తొక్కిన. పక్క ఊర్లోల్లు సూసిన్రు. మా మరిది కొడుకు రాకేశు ఫోన్ల తీసి అందరికి పంపిండు."

పేటెంటు అన్న మాటకు లాటిన్‌లో తెరిచి ఉన్నది అని అర్థం. ఇంగ్లండు రాజులు కొన్ని ఉత్తరాలను లక్కతో మూసి పంపేవారు, కొన్నిటిని అందరూ చదువుకోవాలని తెరిచే ఉంచి కింద ముద్ర వేలాడదీసేవారు. ఆ తెరిచిన ఉత్తరాల వంశంలోదే ఈ చట్టం. మన దిక్కు కమ్మర్లు, కంచర్లు, నేతగాళ్ళు దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి పెట్టుకున్నారు. కొడుక్కి చెప్పు, అల్లుడికి చెప్పకు. ఆ లెక్కన కొడుకులు లేనివాళ్ళతో పాటు ఎన్ని విద్యలు కాటికి పోయాయో ఎవరికీ తెలియదు. చట్టం వేసిన బేరం ఇంకోటి: నీ కిటుకు నాకు దాచకుండా చెప్పు, ఇరవై ఏళ్ళ పాటు నీ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ చెయ్యకుండా చూస్తాను, ఆ తర్వాత అది లోకానిది. బేరం మంచిదే. కాని ఒక షరతుంది. ముందు నా చెవిన వెయ్యాలి. జాతరలో చాటి తర్వాత నా దగ్గరికి వస్తే, అందరికీ తెలిసినదానికి నేనేం ఇస్తాను అంటుంది. పక్క తలుపులు ఒకటి రెండు లేకపోలేదు. ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకు కొంత గడువు ఉంది, తప్పనిసరి పరీక్షలకు కొంత ఉంది. ఊరి జాతర ఆ తలుపుల్లో పట్టదు.

ఇదంతా మంజుల బుర్రలో ఒక్క ఊపున తిరిగింది. తల్లి గోళ్ళు గుర్తొచ్చాయి. అయినా అబద్ధం చెప్పలేకపోయింది.

"గట్లయితే కష్టమే పెద్దమ్మా. ఆయన చెప్పిన దాంట్ల ఒకటి నిజమే. అందరు చూసినంక పేటెంటు రాదు."

సుక్కమ్మ తల ఊపింది. కోపం లేదు, ఏడుపు లేదు. "గాయన గదే అనె, నువ్వు గదే అంటివి. ఇద్దరు సదువుకున్నోల్లు ఒక్క మాట మీదున్నరంటె నిజమే ఉంటది." సంచి చంకకు ఎత్తుకుని లేచింది. అవతల, ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి ఇంకో బస్సు వస్తోంది. కుంటిన బస్సు కండక్టరు రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టాడు. జనం కదిలారు.

మంజుల కూడా లేచింది. లేచింది గాని కాళ్ళు సాగలేదు. ఆమెకు ఒక ప్రశ్న అడగడం మిగిలిపోయింది. తరగతిలో పిల్లలకు మొదట నేర్పిన ప్రశ్న అదే. ఏం చూశారు అన్నది వేరు, చూసి మళ్ళీ చేయగలరా అన్నది వేరు.

"పెద్దమ్మా, ఒక్క నిమిషం. లోపల రోళ్ళు తిరిగేది చూసిన్రా వాళ్ళు? ఒకటి నిదానం ఒకటి జోరు, గది?"

"లోపలిదెట్ల కనవడ్తది? అంగీ ఉండె గదా."

"అంగీ ఏంది?"

"మిషినిది."

బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన కండక్టరు "ఎక్కుతరా, పంచాయితీ పెడ్తరా?" అని అరిచాడు. మంజుల సుక్కమ్మ మోచేయి పట్టుకుంది. "పెద్దమ్మా, సంతకం రేపు పెట్టినా ఏం గాదు. ఇయ్యాల నాకు గా అంగీ చూపియ్యిన్రి."

సుక్కమ్మ బస్సును చూసింది, మంజులను చూసింది. "నా టికెటు పైసలు?" అంది కండక్టరుతో. అతను చేతులు తిప్పాడు. ఇద్దరూ రోడ్డు దాటి అవతలి పక్కన నిలబడ్డారు.

ఇబ్రహీంపట్నంలో ఆటో మారేటప్పుడు మంజుల పరీక్ష మొదలైంది. దండుమైలారం ఆటోలో ఉన్నవాళ్ళను అడిగింది, సుక్కమ్మ మిషను చూశారా అని.

"సూడకేం? గింత పెద్దది. సుక్కమ్మక్కది నల్లంగీ మిషిను" అన్నాడు డ్రైవరు.

"ఎట్ల పని చేస్తది?"

"తొక్కితె పని జేస్తది."

"లోపల ఏముంటది?"

"గేర్లుంటయ్. బండికి లేవా, గట్లనే." పక్కనున్నామె ఒప్పుకోలేదు. లోపల కత్తులుంటాయని, తను కళ్ళారా చూశానని అంది. వెనక కూర్చున్న పెద్దమనిషి కరెంటు అయస్కాంతం అన్నాడు. అందరూ చూసినవాళ్ళే. ఒకరు చెప్పింది ఒకరికి కలవలేదు. ఆటో గతుకుల్లో పడి లేస్తుంటే మంజులకు నవ్వు రాబోయి ఆగింది. నవ్వడానికి ఇంకా పొద్దుంది.

సుక్కమ్మ ఇంటి వసారాలో మల్లేశయ్య ఎవరి బ్లౌజుకో కుట్లు విప్పి బిగువు తగ్గిస్తున్నాడు. పలచని మనిషి, చెవి మీద సుద్దముక్క.

"ఏమే, పట్నం గప్పుడే వచ్చి పోయిందా?" అన్నాడు.

"టైరు పోయింది. గీ బిడ్డకు మిషిని సూపియ్యి."

"ఇగో, మిషిని సూడనీకి వచ్చెటోల్లకు టికెటు పెట్టమని చెప్పిన, వింటివా." అంటూనే లేచి లోపలి గది తలుపు తీశాడు.

గది మధ్యలో మిషను నిలబడి ఉంది, నిజంగానే అంగీ తొడుక్కుని. నల్ల లైనింగు గుడ్డ, అంచులకు ఎర్ర పట్టీ, పైన కాలరు, ముందు వరసగా తెల్ల గుండీలు. రెండు చేతులు కూడా ఉన్నాయి. ఎడమ చేతిలోంచి కాయ లోపలికి పోతుంది, కుడి చేతిలోంచి పండు బయటికి వస్తుంది. కింద లంగాలా కుచ్చిళ్ళు తొక్కుడు పలక దాకా దిగాయి. గింజలు ఆ కుచ్చిళ్ళ కింద బుట్టలో రాలతాయి. కాలరుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

"ఎందుకు కుట్టిన్రు బాపూ ఇది?"

మల్లేశయ్య ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ బతికినట్టు నిటారయ్యాడు. మొదటిరోజు ఈ గదిలోనే, తలుపేసి, భార్యాభర్తలిద్దరే తొక్కి చూశారు. రోళ్ళు తిరిగాయి, గింజ రాలింది. సుక్కమ్మ సంతోషం పట్టలేక "అబ్బ, ఎంత సక్కగున్నది" అంది. అన్న మరుక్షణం చక్రాన్ని తిప్పే తోలు పట్టా తెగింది. సాయంత్రానికి ఆమెకు చలిజ్వరం. దిష్టి. చేసినామె దిష్టే తగిలినప్పుడు ఊరి దిష్టి తగిలితే రోళ్ళు నిలుస్తాయా? మనిషికైతే బొట్టు పెడతారు, ఇంటికి గుమ్మడికాయ కడతారు. ఇనుముకేం కడతారు? దర్జీవాడికి తోచింది దర్జీవాడు చేశాడు. ఆ అంగీ లేకుండా మిషను గడప దాటలేదు.

"అంగీ ఇప్పమని ఎవ్వరు అడగలేదా?"

"అడగకేం. జాతరల మస్తు మంది అడిగిన్రు. ఈమె ఇప్పనిస్తదా? 'నీ పెండ్లాం రైక ఇప్పుమంటె ఇప్పుతవా' అని సర్పంచు మొగం మీదనే అన్నది."

"అన్న. అయితేంది?" అంది సుక్కమ్మ.

"మరి రమాకాంత్ గారు చూసిన్రా లోపల?"

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పింది మల్లేశయ్యే. ఆ రోజు సుక్కమ్మ నీళ్ళు తేవడానికి పోయింది, తను చాయ పెట్టడానికి లేచాడు. తిరిగి వచ్చేసరికి పెద్దమనిషి మోకాళ్ళ మీద కూర్చుని మిషను ఛాతీ మీద గుండీలతో కుస్తీ పడుతున్నాడు. ఒకటీ ఊడలేదు. ఎందుకంటే ముందు గుండీలు ఉత్త అందానికి. కాజాలే లేవు. అసలు తెరుపు వెనక ఉంది, గోడ వైపు, లోపల కుట్టిన కొక్కేలతో.

"సారు, గది ఆడామె మెడకాడ చెయ్యి పెట్టినట్టున్నది, లేవున్రి అన్న. చెమట తుడుసుకున్నడు. చాయ గూడ తాగలే."

"గందుకనే నా సంతకం ఎనక పడ్డడేమో" అంది సుక్కమ్మ, ఇప్పుడే తట్టినట్టు.

మంజులకు అదొక్కటే చాలలేదు. రాకేశ్‌కు ఫోను చేయించి ఆ వీడియో తెప్పించుకుంది. గుడి ముందు డప్పుల మోత, మధ్యలో నల్లంగీ ఊగుతోంది, ఎడమ చేతిలో కాయలు పోస్తున్నారు, కుడి చేతిలోంచి పండు దిగుతోంది, జనం ఈలలు. ఆమె దాన్ని ఆపి ఆపి చూసింది, వెలుగు పెంచి చూసింది. అంగీ అంగీలాగే ఉంది. మరి రోళ్ళు చేసిన వడ్రంగి? చపాతీ కర్రలనుకున్నాడట, ఇంత లావు చపాతీ ఎవరు తింటారని నవ్వాడట. పళ్ళచక్రాలు భిక్షం వెల్డింగు షాపులో కోయించారు. అవి దేనికని అతను అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. బిగించింది మాత్రం సుక్కమ్మ ఒక్కతే, ఈ గదిలోనే.

అప్పుడు మంజుల నేల మీద చతికిలబడింది. నవ్వు ఈసారి ఆగలేదు. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సుక్కమ్మ కంగారుపడి చెంబుతో నీళ్ళిచ్చింది.

"ఏమైంది బిడ్డా? పోయిందని గిట్ల నవ్వుతున్నవా?"

"పోలేదు పెద్దమ్మా. ఏం పోలేదు. రోడ్డు మీద నేను చెప్పింది తప్పు. వాళ్ళు చూసింది అంగీని. మీ మిషను ఇంకా ఎవ్వరు చూడలేదు."

సుక్కమ్మ చెంబు అందుకుని కింద పెట్టింది. "నిజంగనేనా?"

"నిజం."

"గాయన లేదన్నడు గదా."

"ఆయన ముందరి గుండీలు గూడ ఊడ్తయనే అనుకున్నడు."

మల్లేశయ్య గోడకు ఆనుకుని కూర్చుని సుద్దముక్క చెవి మీంచి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

పని అప్పుడే మొదలుపెట్టారు. మంజుల లాప్‌టాప్ తీసింది. తలుపు గొళ్ళెం పెట్టి, కొక్కేలు విప్పి, అంగీ తీశారు. లోపల మిషను చూస్తే అంత గొప్పగా ఏం లేదు. తుమ్మకర్ర, రబ్బరు, రెండు పళ్ళచక్రాలు, బడి బెంచీకి కొట్టేలాంటి మేకులు. గొప్పతనం ఆ రెండు వేగాల తేడాలో ఉంది. దాన్ని మాటల్లో పెట్టడమే మంజుల విద్య. సుక్కమ్మ ఇచ్చే జవాబులను ఆమె చట్టం చదవగలిగే భాషలోకి దింపుతూ పోయింది. కాయ ఎండిపోయి ఉంటే? రోళ్ళ సందు తగ్గించాలి. ఎట్లా? ఈ మర తిప్పి. పండు జిగటకు రోలుకు అంటుకుంటే? కింద గీకే రేకు ఉంది. ఆ రేకు సంగతి చివర్లో మాట వరసకు చెప్పింది సుక్కమ్మ. మంజుల దరఖాస్తులో దాన్ని పైకి ఎక్కించింది.

"కనిపెట్టినవారు అన్న దగ్గర మీ ఒక్కరి పేరే రాస్తున్న పెద్దమ్మా."

"మరి నా అంగీ?" అన్నాడు మల్లేశయ్య.

"అంగీ మిషను పని చెయ్యనీకి అక్కర లేదు గదా బాపూ."

"అక్కర లేదా? అంగీ లేకుంటె ఇయ్యాల మీరిద్దరు ఏడ్సుకుంట కూసునెటోల్లు."

మాట నిజమే. మంజుల ఒక్క క్షణం ఆలోచించి చెప్పింది. "మీకు వేరేది ఉన్నది. ఊరంత దీన్ని అంగీ మిషను అంటున్నది. ఆ పేరు, ఆ నల్లంగీ బొమ్మ, అమ్మేటప్పుడు మిషను మీద వేసుకోవచ్చు. దాన్ని ట్రేడుమార్కంటరు. అది మిషను లెక్క కాదు, దానికి దాచే పని లేదు. ఎంత మంది నోట్ల నానితే అంత గట్టిపడ్తది. కాకుంటె దాని దరఖాస్తు వేరు, నిమ్మళంగ చేద్దం."

"ఇంటివా?" అన్నాడు మల్లేశయ్య భార్యతో. "నోట్ల నానాల్నంట. గందుకనే నేను అందరికి చెప్తుంట. నువ్వేమో నోరు మూసుకొమ్మంటవ్."

దరఖాస్తు పంపేటంత ఇంటర్నెట్టు ఊళ్ళో అందలేదు. పొద్దు వాలకముందే మంజుల, సుక్కమ్మ ఇబ్రహీంపట్నం వచ్చి బస్సు డిపో దగ్గరి నెట్ సెంటరులో కూర్చున్నారు. దారిలో రమాకాంత్ ఫోను వచ్చింది. సుక్కమ్మ ఎత్తి, "నేను ఇయ్యాల రాను, రేపు గూడ రాను" అంది. అవతల అతను పొడుగ్గా ఏదో చెప్పాడు. ఆమె ఓపిగ్గా అంతా విన్నది. "లేదు సారు, హక్కు ఉన్నదట. మీకు ఎవరో తప్పు చెప్పినట్టున్నరు" అని పెట్టేసింది. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే అతనికెవరో తప్పు చెప్పారని ఆమె నమ్మకం.

తెర మీద చక్రం చాలాసేపు తిరిగింది. మంజుల పెదవి కొరుక్కుంటోంది. చక్రం ఆగింది. దరఖాస్తు నంబరు వచ్చింది, దాని పక్కన ఆనాటి తేదీ.

"వచ్చింది పెద్దమ్మా."

"గిదేనా హక్కు?"

"కాదు. ఇది వరసల మీరు నిలవడ్డ చోటు. ఏడాది లోపల పూర్తి వివరం ఇయ్యాలె. తర్వాత వాళ్ళు పరీక్ష చేస్తరు, ప్రశ్నలు అడుగుతరు. ఏండ్లు పట్టొచ్చు. ఇస్తరని నేను మాటియ్యలేను, ఆశ మాత్రం ఉన్నది. కాని ఇయ్యాలటి తేదీ మీది."

"నాకంటె ఎనకొచ్చినోడు ముందట దూరడు?"

"దూరడు."

"నాగులమ్మకు నేను జేసియ్యొచ్చునా?"

"ఇయ్యొచ్చు. ఎంతమందికైనా. మిమ్మల్ని ఆపెటోడు లేడు."

"ఇప్పుడు సూపియ్యొచ్చునా? కుల్లా, అంగీ ఇప్పి?"

"ఇప్పుడు చూపియ్యిన్రి. ఇంటి ముందర పెట్టి చూపియ్యిన్రి."

సుక్కమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దుటి నుంచి వాల్చని వీపు అది. నెట్ సెంటరు ఫ్యాను గాలి మొహానికి తగిలేలా మెడ ఎత్తి, కళ్ళు మూసుకుని, ఆమె చాలాసేపు ఊపిరి పీల్చి వదిలింది. బయట డిపోలోంచి బస్సులు ఒకటొకటిగా దుమ్ము లేపుకుంటూ రోడ్డెక్కుతున్నాయి. పక్క కుర్చీలో పరీక్ష ఫలితం చూసుకోవడానికి వచ్చిన అమ్మాయి ఈమెను ఓరగా చూసి, తన నంబరు మళ్ళీ కొట్టుకుంది. మంజులకు తల్లి జ్ఞాపకం వచ్చింది గాని ఈసారి చేతులు కాదు, చెంచాతో తింటూ తనను తాను వెక్కిరించుకునే మొహం. ఆ మొహం కూడా నవ్వుతూనే ఉండేది కదా అనుకుంది.

ప్రింటరు కదిలింది. కాయితం తీసుకుని, దాన్ని భద్రంగా దాచుకొమ్మని చెప్పాలని, అవసరమైనప్పుడు ఫోను చేస్తానని, తన నంబరు కూడా రాసివ్వాలని మంజుల ప్రింటరు వైపు తిరిగింది. కాయితం కొస ఇరుక్కుంది. నెట్ సెంటరు అతను తట్టి, లాగి, ఇంకోసారి తట్టి బయటికి తీశాడు.

"పెద్దమ్మా, ఇగో" అంటూ తిరిగేసరికి కుర్చీ ఖాళీ.

మంజుల మెట్ల మీదికి వచ్చింది. సుక్కమ్మ అప్పటికే రోడ్డు మధ్యలో ఉంది, ఆటోల సందుల్లోంచి, సంచి చంకన ఇరికించుకుని. అవతల సామిల్లు ముందు కోసిన దుంగలు కుప్ప పోసి ఉన్నాయి. ఆమె ఆ కుప్ప దగ్గర ఆగి, ఒక తుమ్మదుంగను కాలితో దొర్లించి, వంగి, వేళ్ళతో దాని లావు కొలిచింది. నచ్చలేదేమో, ఇంకొకటి దొర్లించింది. లోపలి నుంచి సామిల్లు అతను వచ్చి ఏదో అడిగాడు. రంపం మోతలో ఆమె జవాబు ఇటు వినపడలేదు. చేతులతో రెండు గుండ్రాలు చూపిస్తూ, అతని వెంట షెడ్డు లోపలికి నడిచి వెళ్ళిపోయింది.